నాపా కొండ మీది రెడ్ వైన్ క్లబ్బు: 531 డాలర్లు ఉడికిపోయాయి, పైగా మనకి రుచి తెలీదట

ఇంకా కోపంలోనే ఉన్నాను, కాస్త అటూ ఇటుగా రాస్తే సర్దుకోండి. కాలిఫోర్నియా నాపాలో హోవెల్ మౌంటెన్ అనే కొండ మీద ఉన్న ఆ వైనరీ గురించే చెప్తున్నాను. జులై 4 లాంగ్ వీకెండ్‌కి మన డాలస్ బ్యాచ్‌లో సగం మంది వెళ్ళి ఆలివ్ చెట్ల కింద ఫోటోలు దిగొచ్చిన చోటు. పేరు రాయను, మీకు తెలుసు. ఫ్రిస్కో, ఆస్టిన్, ఫీనిక్స్‌లో ఉన్నవాళ్ళెవరూ ఎండాకాలంలో వాళ్ళ దగ్గర సీసాలు ఇంటికి తెప్పించుకోకండి. తెప్పించుకున్నా వాళ్ళ నంబరుకి ఫోన్ మాత్రం చేయకండి.

టేస్టింగ్, అంటే వాళ్ళ వైన్లు రుచి చూడటానికి, మనిషికి 75 డాలర్లు. అప్పుడప్పుడూ వాళ్ళే సీసాలు పంపి కార్డు మీద డబ్బు లాగే క్లబ్బు ఒకటుంది, అందులో చేరితే మాఫీ. ఇద్దరికీ 150 మిగిలిందని లోపల్లోపల మురిసిపోయాను. చేరిక మీద ఆరు సీసాలు. సీసా 95, క్లబ్బు ధర 76. పన్ను, షిప్పింగ్ కలిపితే మొత్తం 531 చిల్లర. అంటే 150 మిగుల్చుకోవడానికి 531 పెట్టాను. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే.

అబద్ధం చెప్పను, అక్కడ తాగిన వైన్ బాగుంది. కాబర్నే ఎక్కువ, మెర్లో, పెటీట్ సిరా కలిపిన బ్లెండ్. ఏ ద్రాక్షా 75 శాతానికి చేరదు కాబట్టి సీసా మీద రకం పేరు ఉండదు, ఉత్తి రెడ్ వైన్ అనే ఉంటుంది. పోసే ఆవిడ ఓపిగ్గా అన్నీ చెప్పింది. 1,400 అడుగులు దాటిన తోటలకే హోవెల్ మౌంటెన్ పేరు వాడుకునే హక్కు ఉందట, 1983 నుంచీ అదే లెక్క. పొద్దున్నే కింద లోయంతా పొగమంచులో మునిగి ఉంటే పైన తోటకి అప్పటికే ఎండ తగులుతుంది. అగ్నిపర్వతం రాళ్ళ నేల, మట్టి పలచన, నీళ్ళు నిలవవు. అందుకని కాయ చిన్నది, గుజ్జు తక్కువ, తోలు ఎక్కువ. రంగూ టానిన్లూ ఆ తోల్లోంచే. ఆవిడ టానిన్, టానిన్ అంటుంటే మా ఆవిడ నా చెవిలో "వగరు అంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అదే. నేరేడు పళ్ళు తిన్నాక నాలుక పట్టేస్తుందే, ఆ వగరు. గుర్తుపెట్టుకోండి, దీని పని తర్వాత ఉంది.

"మాది టెక్సాస్, ఎండలు తగ్గాక, అక్టోబర్ దాటాకే పంపండి" అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ ఫారం మీద పెన్నుతో రాసుకుంది. ఆ ఫారానికి ఫోటో తీశానా? ద్రాక్ష గుత్తులకి నలభై తీశాను, దానికి ఒక్కటీ తీయలేదు. తర్వాత వచ్చిన మెయిల్‌లో ఆగస్టు షిప్‌మెంట్ అని స్పష్టంగా ఉంది. నేను చదివితే కదా.

ఆగస్టు రెండో వారం పంపేశారు. బయట 104, అంటే మన లెక్కలో 40 డిగ్రీలు. మందు కాబట్టి 21 దాటినవాళ్ళు సంతకం పెడితేనే ఇస్తారు. మొదటి రోజు మా ఆవిడ మీటింగులో ఉండి బెల్ వినలేదు. రెండో రోజు ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ తలుపు తీసింది. లోపల ఉన్నవి వైన్ సీసాలని అర్థమయ్యాక "వాటికి నేను సంతకం పెట్టడమేంటి" అని తలుపేసింది. అమ్మ తప్పేం లేదు. మూడో రోజు నేనే ఇంట్లో కూర్చుని తీసుకున్నాను. మూడు రోజులూ ఆ ట్రక్కులోనే తిరిగింది పెట్టె. చేత్తో పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ బండి మీంచి తెచ్చిన బట్టల మూటలా వెచ్చగా ఉంది. ఐస్ ప్యాక్ లేదు, థర్మకోల్ లేదు, ఉత్తి అట్టపెట్టె. అప్పుడైనా అనుమానం రావాలి కదా. గరాజ్‌లో పెట్టకుండా లోపల ఏసీలో పెట్టానని గర్వపడ్డాను.

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుకి ముందు ఆదివారం మా బావమరిది వాళ్ళు వచ్చారు. లేఆఫ్ అయిన అయిదు నెలలకి అతనికి ఉద్యోగం దొరికింది, అదీ సందర్భం. మటన్ వేపుడు చేశాం. నేను హోవెల్ మౌంటెన్ కథంతా చెప్పి, పొగమంచు దగ్గర కాస్త నాటకీయంగా ఆగి, సీసా తీశాను. మూతి మీద రేకు వేలితో తిప్పితే తిరగాలి. తిరగలేదు. జిగురు పెట్టినట్టు అంటుకుపోయింది. కోసి చూస్తే కార్క్ బిరడా మూతి అంచు దాటి పైకి లేచింది, వేలు పెడితే తగిలేంత. దాని పక్కనుంచి ఊదారంగు చార కింది నుంచి పై దాకా పాకింది. లోపల వైన్ వేడికి ఉబ్బి బిరడాని తోసి బయటికి కారింది. అక్కడే ఆగాలి. ఆగలేదు, గ్లాసుల్లో పోశాను.

అంచున ఇటుక రంగు. వాసన చూస్తే, ద్రాక్షపళ్ళ జామ్ చేస్తూ పొయ్యి ఆపడం మర్చిపోతే అడుగంటుతుందే, అది. నోట్లో పోసుకుంటే పండు రుచి అన్నది లేదు. చప్పగా మొదలై చేదుగా దిగింది. బావమరిది పాపం మర్యాదస్తుడు, "కొండ మీదిది కదా బావా, ఇలాగే ఉంటుందేమో" అన్నాడు. మిగతా వాటి రేకులు చూశాను. నాలుగు అంటుకుపోయాయి. ఒక్కటి తిరిగింది. తీస్తే అదీ అదే రుచి.

సీసాల ఫోటోలు మెయిల్ చేసి అక్కడికక్కడే ఫోన్ చేశాను, స్పీకర్లో పెట్టి. అదొక తెలివి తక్కువ పని. మేనేజర్ లైన్లోకి వచ్చాడు. గొంతు తేనె. కారిన విషయం చెప్పాను, తేదీ చెప్పాను, అక్టోబర్ అని రాసుకున్న ఫారం సంగతి చెప్పాను. అంతా విని, కాసేపాగి, ఆయన అన్న మాట ఇది: "మా మౌంటెన్ రెడ్ చాలా బోల్డ్ వైన్ సర్. తియ్యటి వైన్లకి అలవాటైన నాలుకకి మొదట్లో కష్టంగా ఉంటుంది. మీ కమ్యూనిటీ నుంచి మాకు ఈ ఫీడ్‌బ్యాక్ వస్తూనే ఉంటుంది. స్పైసీ ఫుడ్‌తో తాగారా?"

టేబుల్ చుట్టూ ఆరుగురం. ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ మటన్ గిన్నె మీద మూత పెట్టింది, ఎందుకో తెలీదు.

నేను బిరడా గురించి చెప్తుంటే ఆయన నా నాలుక గురించి చెప్తున్నాడు! బిరడా పైకి లేవడానికీ మా మటన్ వేపుడికీ సంబంధం ఏంటి నాయనా? పచ్చి జామకాయలు, మామిడి పిందెలు, వక్కలు కొరుక్కుని పెరిగినవాళ్ళకి వగరంటే భయమా? మీ టానిన్‌కి మాకు సొంత మాటే ఉంది. జులైలో ఇదే నాలుక "అద్భుతం" అన్నప్పుడు కార్డు గీకిన మనిషికి అప్పుడు మా కమ్యూనిటీ గుర్తు రాలేదు. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్లో నేను అన్నది "ఓకే, థాంక్యూ." నిజంగా థాంక్యూ అన్నాను. అది తలుచుకుంటే డబ్బు పోయిన దానికన్నా ఎక్కువ మండుతోంది.

మర్నాడు మెయిల్ వచ్చింది. సరుకు వైనరీ గుమ్మం దాటగానే మీదేనని, దారిలో ఏమైనా వాళ్ళకి సంబంధం లేదని నేను టిక్ పెట్టిన షరతుల్లో ఉంది. చూశాను, ఉంది. "మర్యాదపూర్వకంగా" మార్చి ఇవ్వడానికి సిద్ధమే కానీ ఆరు సీసాలూ వెనక్కి పంపాలట. ఎలా పంపను? యూపీఎస్, ఫెడెక్స్ మామూలు మనుషుల దగ్గర మందు తీసుకోవు. పోస్టాఫీసులో అయితే అసలు చట్టమే ఒప్పుకోదు. రోజూ సీసాలు షిప్ చేసే మనిషికి ఈ సంగతి తెలియదా? తెలిసే రాశాడు. క్రెడిట్ కార్డు వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ వేస్తే వాళ్ళూ మొదట అడిగింది, రిటర్న్ ప్రయత్నించారా అనే.

కొనే తీరాలి అనుకునేవాళ్ళు నవంబర్‌లో తెప్పించుకోండి, తేదీ మెయిల్‌లో రాయించుకోండి. ఇంటికి కాకుండా కొరియర్ వాళ్ళ ఏసీ కౌంటర్‌కి వేయించుకోండి. పెట్టె రాగానే రేకు తిప్పి చూసి ఫోటో తీయండి, నాలా మూడు వారాలు దాచుకోకండి. ఇంకేదో చెప్పాలనుకున్నాను, గుర్తు రావడం లేదు.

ఆ, గుర్తొచ్చింది. ఇందాకే ఇంకో మెయిల్: "మీ ఫాల్ షిప్‌మెంట్ సిద్ధంగా ఉంది, 25న కార్డు చార్జ్ అవుతుంది." కనీసం రెండు షిప్‌మెంట్లు తీసుకుంటేనే క్లబ్బు మానేయనిస్తారట. ముందే మానాలంటే మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడాలి. ఏ మేనేజరో మీకు చెప్పక్కర్లేదు.