ఐక్యూ స్కోరా, టీచర్ పరిశీలనా?

పిల్లలకు చదువులో సాయం అవసరమో కాదో తొందరగా తేల్చాలంటే ఐక్యూ పరీక్షే సులువు. దీనికి మూలమైన పరీక్షను 1905లో పారిస్‌లో ఫ్రెంచ్ సైకాలజిస్టులు బినే, సిమోన్ తయారుచేసింది కూడా అందుకే. టీచర్ పరిశీలనకు నెలలు పడుతుంది, టీచర్ ఇష్టాయిష్టాలూ అందులో దూరతాయి.

అయినా నా ఓటు పరిశీలనకే. కాలిఫోర్నియాలో ఈ స్కోరు చూసి ఎంతోమంది నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతుల్లో వేశారు. కోర్టుకెక్కిన పిల్లలను, వాళ్ల మాటతీరు తెలిసిన నల్లజాతి సైకాలజిస్టులు మళ్లీ పరీక్షిస్తే అందరూ 75 కటాఫ్ దాటారు! 1979లో కోర్టు ఆ పద్ధతిని తప్పుబట్టింది.

కొట్లో నోటి లెక్కతో చిల్లర ఇచ్చే పిల్లాడు పరీక్షలో స్టాప్‌వాచ్ చూస్తే టెన్షన్‌తో బిగుసుకుపోతాడు. స్కోరులో అది ఉండదు. వాడు ఏ లెక్క దగ్గర, ఎందుకు ఆగాడో పక్కన కూర్చున్న టీచరుకే కనబడుతుంది.