గోల్ఫ్‌లో స్లైస్ తగ్గించడానికి వేళ్ల అచ్చుల శిక్షణ గ్రిప్: నాలుగు నెలల వాడకం తర్వాత

గోల్ఫ్‌లో ఎక్కువ దూరం కొట్టడానికి వాడే క్లబ్ (బంతిని కొట్టే కర్ర) అయిన డ్రైవర్‌తో కొట్టిన బంతి కాస్త ఎడమకు బయలుదేరి, సగం దూరం పోయాక కుడివైపుకు వంపు తిరిగి చెట్లలో పడడం రెండేళ్లుగా నాకు నిత్యానుభవం. కుడిచేతి వాటం ఆటగాళ్లలో ఎక్కువమందిని వేధించే ఈ స్లైస్‌ను తగ్గించుకోవాలని, వేళ్లు ఎక్కడ ఉండాలో అచ్చులుగా తీర్చిన రబ్బరు శిక్షణ గ్రిప్ (క్లబ్ పిడికి వేసే తొడుగు) ఒకటి 1,400 రూపాయలకు కొని, మధ్యస్థ దూరాలకు వాడే పాత 7 ఐరన్ క్లబ్‌కు వేయించుకున్నాను. హైదరాబాద్‌లోని ఒక డ్రైవింగ్ రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో, వారానికి మూడుసార్ల చొప్పున నాలుగు నెలలు వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ వస్తువు మంచిదే. అయితే అది చేయగల పని సగమే, ఆ సగం కూడా దాన్ని ఎలా బిగించారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది, తగిలే క్షణంలో క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఎటు చూస్తోందన్నది. గాలిలో అది తిరిగే వంపును నిర్ణయించేది, ఆ ఫేస్‌కూ క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడా. క్లబ్ బయటినుంచి లోపలికి, అంటే కుడినుంచి ఎడమకు కోస్తున్నట్లు వస్తూ, ఫేస్ ఆ దారికంటే కుడివైపుకు తెరుచుకుని ఉంటే స్లైస్ తప్పదు. ఫేస్‌ను సరిదిద్దడానికి మొదట చూడవలసింది చేతుల పట్టును, దారిని సరిదిద్దడానికి మొదట చూడవలసింది బంతి ఉన్న చోటును. నేను కొన్న వస్తువు మొదటిదాన్ని మాత్రమే పట్టించుకుంటుంది.

ఆ పనిని అది శ్రద్ధగా చేస్తుంది. క్లబ్‌ను ఎడమ అరచేతికి అడ్డంగా పట్టుకోవడం నా పాత అలవాటు. అలా పట్టినప్పుడు పైనుంచి చూస్తే ఎడమచేతి మెటిక ఒక్కటే కనిపించేది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత గడ్డంవైపు చూసేది. అచ్చులో చేయి పెట్టగానే క్లబ్ అరచేతినుంచి వేళ్ల మొదళ్లలోకి జారుతుంది. రెండు మెటికలు స్పష్టంగా, మూడోది కొంచెంగా కనిపిస్తాయి, రెండు చేతుల గీతలూ కుడి భుజంవైపు తిరుగుతాయి. కింద చెప్పే బిగింపు లోపాన్ని సరిచేయించాక మొదటి పది రోజులు ఇది ఎంత అసహజంగా అనిపించిందంటే, ఎవరి చేతులతోనో ఆడుతున్నట్లు ఉండేది, బంతులు వరుసగా ఎడమకు పోయేవి. ఆ దశలో చాలామంది పాత పట్టుకు తిరిగి వెళ్లిపోతారు, దయచేసి వెళ్లకండి. ఫేస్ మూసుకోవడం నేర్చుకుంటోందనడానికి అదే మొదటి గుర్తు, దారి ఇంకా మారలేదు కాబట్టి బంతి ఎడమకు పోతోంది. అచ్చులో వేళ్లు గట్టిగా కూర్చున్నాయి కదా అని బిగించి పట్టకండి, ముంజేతులు బిగుసుకుంటే ఫేస్ సమయానికి మూసుకోదు.

నా అసలు ఫిర్యాదు బిగింపు గురించి. నేను గ్రిప్ వేయించిన దుకాణంలో దాన్ని కొద్దిగా ఎడమకు తిప్పి వేశారు. అచ్చులో చేతులు ఎంత చక్కగా కూర్చున్నా ఫేస్ మాత్రం తెరుచుకునే ఉండేది, ఆ సంగతి తెలుసుకునేలోపు రెండు వారాలు వృథా అయ్యాయి. మామూలు గుండ్రని గ్రిప్ కొంచెం తిరిగినా పెద్దగా నష్టం లేదు గానీ, అచ్చుల గ్రిప్ తిరిగితే అది తప్పునే శ్రద్ధగా నేర్పుతుంది. ఇంటికి తెచ్చుకున్న వెంటనే క్లబ్ కింది అంచును నేలపలకల మధ్య గీతకు సరిగ్గా ఆనించి, పైన ఎడమ బొటనవేలి గాడి షాఫ్ట్ (క్లబ్ పొడవాటి కాడ) నడిమి గీతకు కొంచెం కుడిగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెండువైపులా అంటుకునే టేప్ కొత్తది వేయించి మళ్లీ బిగించమనండి.

అచ్చు ఒకే కొలతలో వస్తుంది. కుడి చిటికెనవేలు ఎడమచేతి మీదికి వచ్చే పట్టుకు, అంటే 1896 నుంచి 1914 వరకు ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్ పేరుతో పిలిచే పట్టుకు, అది సరిపోతుంది. వేళ్లను పెనవేసి పట్టేవారికి ఇబ్బందే. చిన్న చేతులున్న మా ఆవిడకు గాళ్లు ఒక్కటీ కుదరలేదు.

ఇక బంతి ఉన్న చోటు సంగతి. పట్టు మారినా డ్రైవర్ స్లైస్ సగమే తగ్గడానికి కారణం ఇక్కడ దొరికింది. నేను బంతిని ఎడమ పాదం వేళ్లకు ఎదురుగా పెట్టేవాణ్ని. ఎడమ పాదం కొంచెం బయటికి తిరిగి ఉంటుంది కాబట్టి, వేళ్లను చూసి కొలిస్తే బంతి ఉండవలసినదానికంటే ముందుకు పోతుంది. అంత ముందున్న బంతిని అందుకోవడానికి భుజాలు ఎడమకు తెరుచుకుంటాయి, క్లబ్ బంతిని చేరేసరికి దాని దారి లోపలికి మళ్లిపోయి ఉంటుంది. మడమను కొలతగా తీసుకుని, డ్రైవర్‌కు బంతిని ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా, 7 ఐరన్‌కు రెండు పాదాల నడుమ గీతకు కొంచెం ముందుగా పెట్టడం మొదలుపెట్టాను. నేలమీద ఒక కర్రను లక్ష్యంవైపు, ఇంకొకదాన్ని దానికి అడ్డంగా బంతినుంచి మడమవైపు పరిచి చూసుకుంటే చాలు. నాలుగు నెలల్లో నాకు అతి ఎక్కువ మేలు చేసినవి ఆ రెండు కర్రలే.

ఇప్పుడు నా డ్రైవర్ బంతి చివర్లో కొంచెమే కుడికి ఒరుగుతోంది. బంతి క్లబ్ మడమకు, అంటే ముఖంలో కాడకు దగ్గరి భాగానికి, తగిలినప్పుడు మాత్రం పాత వంపు కనిపిస్తుంది, డ్రైవర్ తల బరువు కేంద్రం ముఖానికి వెనక ఉండడంవల్ల కేంద్రం తప్పిన దెబ్బకు తల మెలితిరిగి బంతి తిరుగుడు మారుతుంది కాబట్టి ఆ తప్పును గ్రిప్ మీద వేయలేను. చేతుల అచ్చులున్న గ్రిప్‌తో రౌండ్‌లో, అంటే అసలు ఆటలో, బంతిని కొట్టడం నిబంధనలకు విరుద్ధం, ఆడితే అనర్హత వేటు పడుతుంది, కర్రలను కూడా రౌండ్‌లో వాడకూడదు. అందుకే అచ్చు గ్రిప్‌తో అయిదు, వెంటనే మామూలు గ్రిప్‌తో అయిదు కొట్టి, చేతులు అదే చోట కూర్చుంటున్నాయో లేదో చూసుకుంటున్నాను.

ఒక్క మెటికే కనిపించేలా పట్టేవారికి అయిదుకు నాలుగు మార్కులతో సిఫారసు చేస్తాను. పట్టు ఇప్పటికే సరిగా ఉండి కూడా స్లైస్ అవుతున్నవారు దీనికి డబ్బు పెట్టకుండా, ముందు బంతి ఉన్న చోటును కొలుచుకోవాలి. బంతి ఎడమకు వంపు తిరిగే ఇబ్బంది ఉన్నవారు అసలు కొనవద్దు, ఈ పట్టు దాన్ని ఇంకా పెంచుతుంది. ఎడమచేతి వాటంవారు వేరే అచ్చు అడిగి తీసుకోవాలి, పెట్టెమీద ఆ సంగతి చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది.