పిల్లల అన్నమే సిబ్బందీ తినాలా? డే కేర్‌లలో ఏది మేలు

హైదరాబాద్‌లో బిడ్డను డే కేర్‌లో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు చాలా సంగతులు అడుగుతారు. సీసీ కెమెరాలు ఉన్నాయా, ఫోనులో చూసుకోవచ్చా, ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే అదనంగా ఎంత కట్టాలి? భోజనం మాట వస్తే నిర్వాహకులు గోడకు అంటించిన పట్టిక చూపిస్తారు. సోమవారం పప్పన్నం, మంగళవారం కిచిడీ, బుధవారం క్యారెట్ అన్నం. అది చదివి తల ఊపి వచ్చేస్తాం. ఆ అన్నం ఇక్కడి పెద్దవాళ్లలో ఎవరైనా తింటారా అని మాత్రం అడగం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లలకు వండినదాన్ని పెద్దలు తినాలన్న నియమం ఉండాలి. అయితే ఆ నియమం ఎవరికి వర్తించాలన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

కూకట్‌పల్లి, కొండాపూర్, మాదాపూర్ వైపు కేంద్రాలు చూస్తే మూడు పద్ధతులు కనిపిస్తాయి. కొన్ని చోట్ల సిబ్బంది ఎవరి డబ్బా వారు తెచ్చుకుని, పిల్లలు పడుకున్నాక తింటారు. కొన్ని చోట్ల వడ్డించే ముందు ఒకరు కాస్త రుచి చూసి పుస్తకంలో సంతకం చేస్తారు. ఇంకొన్ని చోట్ల పిల్లలతో కూర్చుని అదే అన్నం తింటారు. నేను చూసినంతలో మొదటిదే ఎక్కువ, మూడోది అరుదు.

రుచి చూసే పద్ధతి వెనుక ఈ దేశంలో పెద్ద విషాదమే ఉంది. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు తిని చూడాలని, వారిలో ఒక్కరైనా ఉపాధ్యాయులై ఉండాలని, ఆ వివరం రిజిస్టరులో రాయాలని ఉన్న నిబంధన మీద ఆ తర్వాత కేంద్రం మరింత పట్టుబట్టింది. ఇది మధ్యాహ్న భోజన పథకానికి సంబంధించిన నిబంధన. ప్రైవేటు డే కేర్‌లకు వర్తించదు.

రుచి చూడటం వల్ల ఉపయోగం లేకపోలేదు. మాడిన వాసన, ముక్కిన పప్పు, కనరెక్కిన నూనె, ఎక్కువైన కారం, పంటి కింద రాయి ఒక్క ముద్దలోనే తెలిసిపోతాయి. నాలుకకు అందని ముప్పు వేరే ఉంది. అన్నం వండి గంటల తరబడి బయట ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రుచి మారదు, వాసనా రాదు. వాంతులు మొదలయ్యేది తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు. నగరంలో చాలా డే కేర్‌లకు భోజనం బయటి వంటశాలల నుంచి వస్తుంది. పొద్దున ఎనిమిదికి వండినది పన్నెండున్నరకు మూత తీస్తే, చెంచాడు తిని ‘బాగుంది’ అని రాయడంతో ఏమి తేలుతుంది? ఆ అన్నం 60 డిగ్రీలకు పైన వేడిగా ఉందో లేదో చూసే చిన్న థర్మామీటరు ఆ సంతకం కన్నా ఎక్కువ చెబుతుంది.

జపాన్ బడుల్లో రుచి చూడటంతో పాటు నమూనా దాచడం కూడా పెట్టుకున్నారు. పిల్లలు తినడానికి కనీసం 30 నిమిషాల ముందు ప్రధానోపాధ్యాయుడి వంటి బాధ్యుడు ఆ భోజనం తిని చూడాలి. ప్రతి వంటకం నుంచి 50 గ్రాములు తీసి సున్నాకు 20 డిగ్రీల దిగువన రెండు వారాలకు పైగా దాచాలి. ఎవరికైనా జబ్బు చేస్తే ఏ వంటకం వల్లనో పరీక్షించవచ్చు. మన దగ్గర చాలా డే కేర్‌లలో ఫ్రిజ్ ఉంటుంది. డబ్బా మీద తేదీ రాసి దాచడానికి ఖర్చేమీ లేదు. అడిగేవారు లేకే చేయడం లేదు.

కలిసి తినడం ఇంకో రకంగా పనిచేస్తుంది. తార్నాకలో ఒక చిన్న డే కేర్‌కు మధ్యాహ్నం పూట వెళ్లినప్పుడు చూశాను. పొట్టి బల్ల చుట్టూ పిల్లలు, వాళ్ల మధ్య ఒక ఆయమ్మ. అందరి పళ్లేల్లోనూ బీరకాయ పప్పు. మూడేళ్ల బాబు ఒకడు బీరకాయ ముక్కలు ఏరి పళ్లెం అంచున వరసగా పేరుస్తున్నాడు. ఆమె వాడిని ఏమీ అనలేదు. తన పళ్లెంలోని ముక్కను అన్నంలో మెత్తగా నలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. “నాదైతే వెన్నలా ఉంది” అంది. వాడు కాసేపు ఆమె నోటివైపు చూసి, అంచున ఉన్నవాటిలో ఒకటి తీసి తిన్నాడు. మిగతావి అక్కడే ఉండిపోయాయి, వాటి జోలికి ఆమె పోలేదు. రెండో ముద్ద నములుతూనే వంటగది వైపు తిరిగి, “అక్కా, అన్నం పలుకుగా ఉంది, పిల్లలు మింగలేరు” అని కేకేసింది. గిన్నె లోపలికి వెళ్లి, వేడి చారులో మెత్తగా ఉడికి తిరిగి వచ్చింది. నిలబడి వడ్డించే మనిషికి ఆ పలుకు తెలిసేది కాదు. పిల్లలు తినలేదనే అనుకునేది.

రెండు నుంచి ఐదేళ్ల పిల్లలతో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఎదురుగా ఉన్న పెద్దవాళ్లు తమకు పెట్టినలాంటిదే తింటున్నప్పుడు పిల్లలు కొత్త పదార్థాన్ని ఎక్కువగా తిన్నారు. పెద్దవాళ్లు వేరేది తింటుంటే ఆ ఫలితం తగ్గింది. అంటే పక్కన కూర్చుని తన డబ్బాలోని పులిహోర తింటూ “సొరకాయ తిను నాన్నా” అంటే సరిపోదు.

కలిసి తినడంలో నన్ను కలవరపెట్టేది ఉప్పు. ఏడాది లోపు బిడ్డ తిండిలో ఉప్పు, చక్కెర వేయకూడదు. పెద్దవాళ్లకే రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పసివాళ్లకు అంతకన్నా తక్కువ. మన నాలుకలు గోంగూరకు, ఆవకాయకు అలవాటుపడ్డవి. పెద్దలంతా అదే తినాలని శాసిస్తే, నెల తిరిగేలోగా ‘చప్పగా ఉంది’ అన్న మాట వంటగదికి చేరుతుంది, గరిటెలో ఉప్పూ కారమూ పెరుగుతాయి. పిల్లల కోసం పెట్టిన నియమం వాళ్లకే చేటవుతుంది. కాబట్టి వంట పిల్లల పాళ్లలోనే ఉండాలి. పెద్దల పళ్లెంలో ఓ చెంచా పచ్చడి ఉంటే తప్పేమీ లేదు. మన ఇళ్లలో పసివాడి పక్కన కూర్చుని తినేదీ అలాగే.

ఎవరి డబ్బా వారిది అన్న పద్ధతి పక్షాన చెప్పుకోదగ్గ కారణాలు రెండున్నాయి. మధుమేహం ఉన్నవారికి, రంజాన్ ఉపవాసాల్లోనో కార్తిక సోమవారాల్లోనో ఉన్నవారికి, గుడ్డు ముట్టనివారికి బలవంతంగా పెట్టడం అన్యాయం. పైగా పదిమంది పిల్లల మధ్య తినడం విశ్రాంతి కాదు, పనే. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి వచ్చిన మనిషికి కాళ్లు చాపుకునే అరగంట వేరుగా ఇవ్వాలి. స్వీడన్‌లో ప్రీస్కూలు సిబ్బంది పిల్లల బల్ల దగ్గరే తింటారు. దాన్ని వారి పనిలో భాగంగానే లెక్కిస్తారు. పిల్లలను చూసుకునే బాధ్యతతో తిన్న ఆ భోజనం మీద పన్ను కూడా వేయరు. మన దగ్గర దాన్ని విరామంలో కలిపేసి, పైగా జీతంలోంచి భోజనం డబ్బులు కోసుకునేవాళ్లు తయారవుతారేమోనని నా భయం.

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. కొన్ని చోట్ల ఆయాకు పళ్లెం, గ్లాసు వేరు. ఆమె వంటగది గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని తింటుంది. మూడేళ్ల పిల్లలు దాన్ని రోజూ చూస్తారు, అలాగే నేర్చుకుంటారు. తనకు అన్నం కలిపి పెట్టే మనిషి తన బల్ల దగ్గర కూర్చోదని బిడ్డ మనసులో పడటం నాకు బీరకాయ తినకపోవడం కన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

ఇక ఎవరు తినాలన్న మాట. బియ్యం ఏ రకం కొనాలో, ఏ కేటరింగ్‌తో ఎంతకు మాట్లాడుకోవాలో ఆయా చేతిలో లేదు. అన్నం బాగాలేదని తెలిసినా ఆమె ఉద్యోగం పోతుందని నోరు మెదపదు. కాబట్టి తినే బాధ్యత ఆమె మీద పెట్టి లాభం లేదు, ఖర్చు నిర్ణయించే నిర్వాహకుల మీద పెట్టాలి. 2024లో తెలంగాణ గురుకులాల్లో వరుసగా భోజనం వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం డైట్ చార్జీలను, అంటే పిల్లల భోజనానికి ఇచ్చే డబ్బును, 40 శాతం పెంచింది. డిసెంబరు 14న కొత్త మెనూ మొదలుపెడుతూ ముఖ్యమంత్రి, మంత్రులు హాస్టళ్లకు వెళ్లి పిల్లలతో కలిసి తిన్నారు. ధర నిర్ణయించే మనిషి పళ్లెంలోకి ఆ అన్నం రావడం మంచిదే, కాకపోతే ఒక్క రోజుతో ఆగకూడదు.

బస్తీల అంగన్‌వాడీల్లో ఇందుకు ఒక దారి ముందే ఉంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు అక్కడే పూట భోజనం చేస్తారు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకుంటారు. అంటే వండిన చోటే తల్లులు తింటున్నారు. పప్పు నీళ్లలా ఉంటే వాళ్లే అడుగుతారు. ఇంత ఫీజు తీసుకునే డే కేర్‌లో ఆ అడిగే నోరు లేదు. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలని 2017 నుంచి చట్టం చెబుతోంది, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల తల్లులు అందులో ఒకటి భోజనం వేళకు పెట్టుకుని, వారానికోసారైనా అక్కడే తింటే చాలా మారుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. ఏడాదిన్నర లోపు పిల్లల గదిలో కలిసి తినడం కుదరదు. చేతులు రెండూ బిడ్డకే కావాలి. అక్కడ వేడి చూడటం, వేరే చెంచాతో రుచి చూడటం, నమూనా దాచడం చాలు. రెండేళ్లు దాటిన పిల్లల దగ్గర ప్రతి బల్లకూ ఒక పెద్ద మనిషి అదే అన్నం తినాలి, ఇష్టమున్నవారు వంతులవారీగా. ఆ భోజనం ఖర్చు కేంద్రానిదే, ఆ సమయం పని వేళల్లోదే. నిర్వాహకులకు మాత్రం వంతు లేదు, ఇష్టాయిష్టాలూ లేవు. కేంద్రంలో ఉన్న ప్రతి రోజూ, ఉపవాసమో అనారోగ్యమో అయితే తప్ప, పిల్లల గిన్నెలోంచే వడ్డించుకోవాలి. చేర్చేటప్పుడు ఇచ్చే కాగితంలో ఈ ఒక్క వాక్యం రాసి ఇవ్వమని అడగండి. రాసిచ్చిన చోట పట్టిక చూడకపోయినా ఫరవాలేదు.