రోజుకూలీకా, గుత్తకా? మనుషులు దొరకని కాలంలో ఇంటి పని

మేం ఇల్లు మొదలుపెట్టగానే చుట్టాలంతా "అడుగుకి ఎంతకి మాట్లాడారు?" అని అడిగారు. "రేపు మనుషులు రాకపోతే ఎవరు వెతకాలి?" అని ఒక్కరూ అడగలేదు. హైదరాబాద్ శివార్లలో ఆ ఇల్లు లేచేసరికి నాకు తల బొప్పి కట్టింది దీని దగ్గరే.

రోజుకూలీ అయితే వెతకాల్సింది మనమే. పొద్దున్నే అడ్డా మీదికి వెళ్లాలి. కాస్త ఆలస్యమైతే పనిమంతులైన మేస్త్రీలను ఎవరో ఒకరు బండెక్కించుకుని పోతారు. నాట్ల రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్‌లో అడ్డా బోసిపోతుంది. పని కూడా నిదానమే. కాకపోతే మన కళ్ల ముందు, మనం చెప్పినట్టు జరుగుతుంది.

గుత్తకిస్తే, అంటే మెటీరియల్ మనం కొనిచ్చి కూలి పనంతా అడుగుకి ఇంతని ఒకరికి అప్పగిస్తే, మనుషుల్ని తెచ్చే టెన్షన్ గుత్తేదారుది. ఆ మనుషులు ఎక్కడివాళ్లన్నదే అసలు సంగతి. ఒకప్పుడు దూర రాష్ట్రాల ఆనకట్టల మీద మన పాలమూరు కూలీలు పనిచేసేవారు. ఇప్పుడు మన సైట్లకు బీహార్, జార్ఖండ్, ఒడిశా వాళ్లు వస్తున్నారు. లాక్‌డౌన్‌లో తొలి శ్రామిక్ రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. మాకైతే దీపావళి వెళ్లగానే తెలిసొచ్చింది. బీహార్, జార్ఖండ్ వాళ్ల ఛఠ్ పండగకని సెంట్రింగ్ ముఠా, అంటే కాంక్రీటు పోయడానికి కింద పలకలు బిగించేవాళ్లు, రైలెక్కేసింది. పలకలు పరిచి, సగం ఇనుము కట్టిన స్లాబు పదహారు రోజులు అలాగే ఉండిపోయింది. ఫోన్ చేస్తే గుత్తేదారు ఎత్తేవాడు పాపం. "ఆదివారం వస్తరన్నా" అనేవాడు. ఏ ఆదివారమో చెప్పేవాడు కాదు.

ఇంకో చిక్కుంది. మనుషులు చాలక ఒకే ముఠాను, అవే జాకీలను (స్లాబు పలకల కింద నిలబెట్టే ఊతకర్రల్లాంటివి) రెండు మూడు సైట్లకు తిప్పుతారు. స్లాబ్ పోసిన ఐదో రోజే "జాకీలు తీసేద్దాం" అన్నాడు మా గుత్తేదారు. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుతో పోసిన స్లాబుకైనా, దాన్ని మోసే గోడలు లేదా దూలాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లలోపు ఉంటే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు జాకీలు ఉంచాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మేం వాడింది నిదానంగా గట్టిపడే పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు), పైగా చలికాలం. ఇంకా ఆగమన్నాను. అలిగాడు గానీ ఆగాడు.

మెటీరియల్‌తో సహా మొత్తం అప్పగించే పద్ధతి విదేశాల్లో ఉన్నవాళ్లకు సరే. కూలీల కొరతను ముందే రేటులో కలిపేస్తారు, అంతే.

నన్నడిగితే స్లాబుల దాకా గుత్తే మేలు. సెంట్రింగ్ పలకలు, జాకీలు, ఒకేసారి అంతమంది మనుషులు మన వల్ల కాదు. డబ్బు మాత్రం పని అయినంత మేరకే ఇవ్వాలి. ప్లాస్టరింగ్, టైల్స్ మాత్రం రోజుకూలీకే. హాల్లో రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే రెండు టైల్స్ గుల్లగా మోగాయి. మేస్త్రి మారు మాట్లాడకుండా పీకి మళ్లీ వేశాడు. గుత్తకిచ్చి ఉంటే "ఏం కాదన్నా, గ్రౌటింగ్ పెడితే సెట్ అయితది" అనేవాడు.