సువాన్‌లో కొరియా కషాయం: బరువు తగ్గింది, నిద్రా తగ్గింది

ముందే చెబుతున్నా, దక్షిణ కొరియాలోని సువాన్ నగరంలో బరువు తగ్గడానికి నేను తాగిన ఈ మందు పనిచేస్తుంది. కాకపోతే ఎందుకు పనిచేస్తుందో తెలుసుకుని తాగాలి.

ఇక్కడ సంప్రదాయ వైద్యం చేసే క్లినిక్‌ని హనివన్ అంటారు. డాక్టర్లు ఆరేళ్లు యూనివర్సిటీలో చదివి లైసెన్సు తీసుకున్నవాళ్లే. ముందు ఇన్‌బాడీ మిషను ఎక్కించి, కొవ్వెంత కండెంత అని కాగితం చేతిలో పెట్టారు. తర్వాత డాక్టరుగారు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూశారు. నాలుక చాపమన్నారు. చెమట బాగా పడుతుందా, విరేచనం సాఫీగా అవుతుందా, నిద్ర ఎలా ఉంది అని ఒకటే ప్రశ్నలు. చివరికి నన్ను తేఉమిన్ అని తేల్చారు. లీ జేమా అనే వైద్యుడు 19వ శతాబ్దం చివర్లో మనుషుల్ని నాలుగు తత్వాలుగా విడదీశాడు, వాటిలో ఒకటి ఈ తేఉమిన్. మన వాత పిత్త కఫాల లాంటి లెక్క. తేఉమిన్‌లు తేలిగ్గా ఒళ్లు చేస్తారట. మా నాన్న వైపు వాళ్లందర్నీ తలుచుకుంటే నమ్మబుద్ధేసింది.

రాసింది తేఉమ్ జోవీ తాంగ్ అనే కషాయం. యుల్ము అనే ధాన్యం గింజలు, ఎండు చెస్ట్‌నట్, ముల్లంగి విత్తనాలు, ఓమిజా అనే చిన్న ఎర్ర పండ్లు, వీటితోపాటు మాహ్వాంగ్ అనే మూలిక. కాచి, ప్యాకెట్లలో సీల్ చేసి ఇస్తారు. ప్యాకెట్ మూల కత్తిరించగానే తడి మట్టి వాసన. నోట్లో పోసుకుంటే చేదు, వెనకాలే పులుపు.

అసలు పని చేసేది ఆ మాహ్వాంగే. అందులో ఎఫెడ్రిన్ అనే ఉత్తేజకం ఉంటుంది. ఆకలి చంపుతుంది, గుండె వేగం పెంచుతుంది. దీన్ని కలిపిన డైట్ సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది. కొరియాలో కూడా ఆహార పదార్థాల్లో వేయకూడదు, డాక్టరు రాస్తేనే దొరుకుతుంది.

తాగడం మొదలెట్టిన వారంలోనే మధ్యాహ్నం క్యాంటీన్‌లో సగం ప్లేటుకే చాలనిపించేది. బరువు చకచకా దిగింది. నోరు మాత్రం పిడచకట్టుకుపోయేది. కాఫీ తాగిన రోజు గుండె దడ, రాత్రి ఒంటిగంటకీ కళ్లు మూత పడవు. చెబితే మోతాదు తగ్గించి, సాయంత్రం ప్యాకెట్ మానిపించారు, కాఫీ వద్దన్నారు. దాంతో దడ తగ్గింది గానీ నిద్ర పూర్తిగా కుదుటపడలేదు.

నాకు నచ్చనిది ఇంకోటుంది. మళ్లీ ఇన్‌బాడీ తీస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగింది. తిండి తగ్గితే అంతే మరి. గుడ్లు, పప్పు పెంచి, జిమ్‌లో బరువులెత్తాకే అది ఆగింది. మందు మానేశాక ఆకలి యథాప్రకారం తిరిగొచ్చింది, దిగిన బరువులో కొంత వెనక్కి వచ్చింది. మిగతాది నిలబడిందంటే రాత్రి ఏడింటికల్లా తినేసే అలవాటు వల్లే.

బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. గర్భిణులూ అంతే. మాహ్వాంగ్ ఎంత వేస్తున్నారో నోరు తెరిచి అడగండి. తెలిసినవాళ్ల దగ్గర మిగిలిన ప్యాకెట్లు అసలే తాగొద్దు.

ఖర్చు జేబు నుంచే, బరువు తగ్గే కషాయానికి ఇన్సూరెన్సు రాదు. ఇప్పుడు నేను వాడట్లేదు. నడుం పట్టేసినప్పుడు ఆక్యుపంక్చర్ సూదులు పొడిపించుకోవడానికి మాత్రం అదే హనివన్‌కి వెళుతున్నా. దానికి ఇన్సూరెన్సు వర్తిస్తుంది.