కొత్త టేకుకు పాత రంగు: అన్నభేదా, సున్నమా, అమోనియానా?

దేవరకొండ దిక్కు మా ఊర్లో తాత కట్టిన ఇల్లుంది. దాని పెద్ద దర్వాజకు రెండు రెక్కలు. ఎడమ రెక్క బయటికి నిమ్మళంగానే కనిపించేది, వేలితో నొక్కితే మాత్రం లోపలంతా పేలపిండి. చెదలు. పోయిన ఎండకాలం మా వడ్ల మామ దాన్ని ఊడదీసి, అదే కొలతకు, అవే అంచులు తీసి, టేకుతో కొత్త రెక్క చేసిచ్చాడు. పనికి వంక పెట్టడానికి లేదు. కానీ రెండూ బిగించి వాకిట్లోకి వచ్చి చూస్తే తాతా మనవడూ పక్కపక్కన నిలబడ్డట్టే ఉంది. ఒకటి ముదురు గోధుమ, ఒకటి పచ్చటి పసుపు.

"రెండేండ్లు ఆగు అల్లుడా, అదే కలుస్తది" అన్నాడు మామ. సగం నిజమే. కోసిన కొత్తలో టేకు మచ్చమచ్చలుగా ఉంటుంది, వెలుతురు, గాలి తగిలేకొద్దీ బంగారు గోధుమకు తిరుగుతుంది. అయితే మా దర్వాజ అరుగు నీడలో ఉంటుంది, పైగా శ్రావణంలో ఇంట్లో పెండ్లి. రెండేండ్లు ఎక్కడ ఆగేది?

పెయింటు షాపులో దొరికే స్టెయిన్ మొదటే వద్దనుకున్నా. అది కట్టె మీద కూర్చునే రంగు. రేఖల మీద పొరలా పరుచుకుని, రెండు కోట్లు పడితే చెక్క కాస్తా ప్లాస్టిక్ కుర్చీ వాలకానికి వస్తుంది. నాకు కావాల్సింది కట్టె లోపలి నుంచే పుట్టే రంగు. అందుకు అన్నభేది, సున్నం, అమోనియా లాంటి మందులతో ఒకటి కాదు, నాలుగైదు దార్లున్నాయి. మామ దగ్గర మిగిలిన టేకు, తుమ్మ, మామిడి తుండ్లు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నా.

ఈ మందుల్లో ఎక్కువవాటి కిటుకు ఒక్కటే, అది మనకు నోట్లోనే తెలుసు. వక్క నమిలితే వగరు. దానికి సున్నం తగిలితే ఎరుపు. ఆ వగరే టానిన్. కరక్కాయలో, తుమ్మ బెరడులో, మన రాష్ట్ర పువ్వైన తంగేడు చెట్టు బెరడులో అది దండిగా ఉంటుంది. తోళ్లు ఊనడానికి తుమ్మ బెరడు, తంగేడు బెరడు వాడింది అందుకే. కట్టెలోనూ వగరు ఉంటుంది, ఎక్కువగా చేవలో, అంటే మాను నడిమి గట్టి భాగంలో. చుట్టూ ఉండే తెల్లపొరలో తక్కువ. ఆ వగరుకు ఇనుము తగిలితే నలుపు, సున్నంలాంటి క్షారం తగిలితే గోధుమ. అంటే ఏ మందు మేలన్న ప్రశ్నకు సగం జవాబు డబ్బాలో ఉంటే, సగం కట్టెలో ఉంటుంది.

మొదట అన్నభేది పట్టుకున్నా. బత్తాయి తోటలున్నవాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. ఇనుము లోపంతో లేతాకులు పసుపెక్కితే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. ఎరువుల దుకాణంలో ఫెర్రస్ సల్ఫేట్ అంటే ఇస్తారు. లేత ఆకుపచ్చ పలుకులు ఉండాలి, గాలికి పసుపెక్కి పొడిబారినవి వద్దు. వెనుకట కరక్కాయ కషాయంలో ఇదే కలిపి సిరా చేసేవాళ్లు. అద్దకం పనివాళ్లు జంగు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నలుపు గీతలు తీసేదీ ఇదే లెక్కన. (నల్లబెల్లం వాడదామనుకునేరు. మా దిక్కు ఎక్కువ మొత్తంలో కొంటే ఎక్సైజోళ్లు వచ్చి కట్టె రంగు గురించి అడగరు.)

లీటరుకు 10 గ్రాములు కలిపి మూడు తుండ్ల మీద గుడ్డతో పూశా. తుమ్మ కండ్ల ముందే మారింది. టీ రంగులో ఉన్నది పావుగంటలో బొగ్గుకు దగ్గరైంది. మామిడి, తడిసిన అట్టముక్కలాగా బూడిద రంగుకు తిరిగి ఆగిపోయింది. దానికి ముందుగా చిక్కటి కరక్కాయ కషాయం రెండుసార్లు పట్టించి, ఆరాక అన్నభేది పూస్తే అప్పుడు నల్లబడింది. కరక్కాయ దొరక్కపోతే టీ డికాషన్ కూడా పని చేస్తుంది గానీ సగమే. టేకు మాత్రం నన్ను మోసం చేసింది. నలుపు కాదు, గోధుమ కాదు, నీలం కలిసిన బూడిద. వానకు తడిసిన కరెంటు స్తంభం రంగు.

అన్నభేది లేకుంటే వెనిగర్ దారి ఉంది. గిన్నెలు తోమే ఇనుప పీచును, స్టెయిన్‌లెస్ స్టీలుది కాకుండా జంగు పట్టే రకాన్ని, సబ్బుతో కడిగి వెనిగర్‌లో వారం నానేస్తే అదే పని చేసే ఇనుప నీళ్లు వస్తాయి. సీసా మూత గట్టిగా బిగించొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. నేను మూత సంగతి గుర్తుపెట్టుకుని నేల సంగతి మరిచా. సీసా ఒరిగి గుక్కెడు నీళ్లు అరుగు మీది షాబాద్ బండ మీద పడ్డాయి. షాబాద్ బండంటే సున్నపురాయే కదా, వెనిగర్ పడ్డచోట బుసబుస పొంగి నునుపంతా పోయింది, ఇనుము అందులో దిగి పసుపు మచ్చ కూర్చుంది. పెండ్లినాడు దాని మీద పూలకుండీ పెట్టాల్సి వచ్చింది. ఇంకొకటి, ఇనుప నీళ్లను పలచన చేయడానికి మన బోరు నీళ్లు వాడొద్దు. నల్లగొండ నీళ్లలోని లవణాలకు ఇనుము విరిగి అడుగున గోధుమ మడ్డి అవుతుంది. వాననీళ్లో, ఫిల్టర్ నీళ్లో మేలు.

ఆ బూడిద రంగు తుండు పట్టుకుపోయి పాత రెక్క పక్కన పెట్టినప్పుడు గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. అంతవరకు పాతది అంటే నలుపు అనే నా బుర్రలో ఉంది. దగ్గరగా చూస్తే పాత రెక్క నల్లగా లేదు! పలకలన్నీ ఎరుపు తిరిగిన ముదురు గోధుమ. నలుపు ఉన్నది మూడే చోట్ల. గొళ్లెం చుట్టూ, తరతరాల చేతుల జిడ్డు పట్టిన జానెడు మేర. కింద, కడపకు పసుపు రాసి దీపం పెట్టే వైపు, నూనె, మసి కలిసి పేరుకున్న నాలుగు వేళ్ల పట్టీ. ఇక ఇనుప మేకుల చుట్టూ, ఒక్కోదానికి రూపాయి బిళ్లంత వలయం. ఆ వలయం ఎట్లా వచ్చింది? మేకు జంగు వానతడితో కట్టె వగరులో కలిసి వచ్చింది. అంటే నేను సీసాలో చేసిన పనిని మేకులు డెబ్బై ఎనభై ఏండ్లుగా మెల్లగా చేస్తున్నాయన్నమాట. అన్నభేది రెక్క మొత్తానికి పూసే మందు కాదు, మేకుల చుట్టూ అద్దే మందు.

మరి పలకల గోధుమకు? సున్నం. సున్నం, పటికతో నీళ్లలో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టుకున్న చోట, కట్టెకు సున్నం రాయాలని చివరికి తట్టింది నాకు. రెండు విధాలుగా చేసి చూశా. తడి సున్నాన్ని పెరుగులా కలిపి మందంగా పూసి, ఆరాక బ్రష్షుతో దులిపి కడిగితే ఒక్క పూతకే టేకు రెండు మెట్లు ముదురుతుంది. కానీ టేకు రంధ్రాల్లో తెల్లటి పొడి ఇరుక్కుంటుంది. వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచినా చెక్కుడు మూలల్లో మొత్తం పోదు, నూనె పెట్టాక విభూతి చల్లినట్టు బయటపడుతుంది. రెండోది సున్నపు తేట. బకెట్లో సున్నం కలిపి రాత్రంతా వదిలేసి, పైకి తేరిన నీళ్లు మాత్రమే వంచుకోవాలి. ఇది పలచన, లీటరు నీళ్లలో సున్నం రెండు గ్రాములు కూడా కరగదు. అందుకని మూడు నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వడం. ఓపిక పని. అయితే రంగు మెట్టుమెట్టుగా పెరుగుతుంది కాబట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. పాత రెక్కతో కలపాల్సినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

తేట అయినా, అన్నభేది అయినా నీటి మందే. తడికి కట్టె రోమాలు లేస్తాయి. ముందుగానే ఒట్టి నీళ్లతో తడిపి, ఆరాక 220 నంబరు ఉప్పు కాయితంతో రుద్దుకుంటే తర్వాత రంగు చెరపాల్సిన పని పడదు. టేకులో సహజంగా జిడ్డుంటుంది, థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవకపోతే మందు చుక్కలుగా జారి మచ్చలు కడుతుంది. ఎప్పుడూ తుండు మీద చూశాకే రెక్క మీద పెట్టాలి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగే నూనె పెట్టాక ఇంచుమించు వచ్చే రంగు. ఆరిన రంగును చూసి సరిపోలేదని ఇంకో పూత వేసినవాడు తర్వాత తల పట్టుకుంటాడు.

అమోనియా కథ వేరు. పాత పశువుల కొట్టంలో గుంజలను గమనించారా? ఇంటి వాసాలకన్నా నల్లగా ఉంటాయి. మూత్రం మురిగి లేచే ఘాటు అమోనియానే, గుంజలకు అది ఏండ్ల తరబడి తగులుతూ ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఫర్నిచర్ చేసే గుస్తావ్ స్టిక్లీ వంటివాళ్లు ఓక్ కట్టె కుర్చీలను, బల్లలను మూసిన గదిలో అమోనియా ఆవిరికి పెట్టి ముదురు రంగు తెచ్చేవాళ్లు. నేను మూత ఉన్న డ్రమ్ములో గిన్నెడు అమోనియా, పక్కన తుండ్లు పెట్టి రాత్రంతా వదిలా. తడి తగలదు, రోమాలు లేవవు, బ్రష్షు గీతలుండవు. తుమ్మ పొద్దున్నకు చక్కటి ముదురు గోధుమ, పైన పూసినట్టు కాకుండా లోపలికి దిగిన రంగు. అందంలో అన్నిటికన్నా ఇదే పైచేయి, ఒప్పుకుంటా. టేకు మాత్రం కొద్దిగానే కదిలింది.

కానీ ఏడడుగుల రెక్కకు సరిపడా డేరా ఎవరు కడతారు? మూత తీసినప్పుడు గాలి ఆ ఆవిరిని మన ముఖం మీదికి కొడితే కండ్లు, ఊపిరితిత్తులు రెండూ ప్రమాదంలో పడతాయి. షాపుల్లో దొరికే గాఢ అమోనియా 25 శాతం దాకా ఉంటుంది. కండ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా, ఇంటి లోపల, ఆ మూత విప్పొద్దు. పీటలు, పెట్టెలు, దేవుని మందిరం లాంటి చిన్న తుమ్మ సామానుకు ఆరుబయట అయితే సరే. కళాయి పోసేవాళ్లు వాడే నవాసారాన్ని సున్నంతో కలిపినా ఇదే వాయువు వస్తుంది. ఎంత వస్తుందో చేతిలో ఉండదు కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

బావుల్లో వేసే పర్మాంగనేట్ ఊదా పలుకుల గురించి రెండు ముక్కలు. దీనికి వగరుతో పని లేదు, మామిడైనా ఇంకేదైనా అంటుకుంటుంది. పూసినప్పుడు వంకాయ రంగు, కాసేపట్లో గోధుమ. చూడగానే ఇదే గెలిచిందనుకున్నా. ఎండలో పెట్టిన తుండు నెల తిరగకముందే వెలిసిపోవడం మొదలైంది. లోపలి అల్మరాకు పరవాలేదు గానీ దర్వాజకు పనికిరాదు. గ్లిజరిన్‌కు తగిలితే తనంతట తానే మంటలేస్తుంది, ఆ రెండూ ఒకే అలమరలో ఉంచొద్దు. ఇక నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ వాడమని చెప్పేవాళ్లు ఉన్నారు. రంగు బాగానే వస్తుంది, కానీ అందులోని క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం. తలుపు రంగు కోసం ఆ రిస్కు ఎందుకు?

చివరికి నా దర్వాజకు సున్నపు తేట నాలుగు పూతలు, వెనిగర్ నీళ్లతో ఒక తుడుపు, తర్వాత సన్న కుంచెతో మేకుల చుట్టూ, గొళ్లెం దగ్గర అన్నభేది. ఒకచోట చెయ్యి వణికి నలుపు పలక మీదికి పాకింది. ఆక్జాలిక్ ఆసిడ్ నీళ్లు అద్దితే ఇనుప నలుపు విరిగిపోతుంది, అట్లా దాన్ని వెనక్కి తెచ్చా. అది విషం, పిల్లలకు అందనీయొద్దు. ఆఖరున అవిసె నూనె రెండుసార్లు. ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకుండా విప్పి ఆరేసుకోవాలి. కుప్పగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండలకు మరీను.

తుమ్మ కట్టె అయ్యుంటే, నలుపే కావాలనుకుంటే, అన్నభేదిని మించింది లేదు. చవక, వేగం, చెప్పినట్టు వింటుంది. పాత టేకుకు జత కలపాలంటే సున్నపు తేటే.

ఇప్పుడు సాయంత్రం నీడలో రెండు రెక్కల తేడా నాకే తెలియదు. పొద్దున ఎండ వాలుగా పడ్డప్పుడు కొత్తది కొంచెం ఎర్రగా కనిపిస్తుంది. పెండ్లికి వచ్చిన వడ్ల మామ చెయ్యి వేసి తడిమాడు, వంగి మేకులు చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత వేలి మెటికతో ఈ రెక్క మీద ఒకటి, ఆ రెక్క మీద ఒకటి కొట్టి చెవి పెట్టాడు. "రంగు కలిసింది గని అల్లుడా, సప్పుడు కలువలే" అన్నాడు.