మీథేన్, ఇథనాల్, ప్రోటీన్: సూక్ష్మజీవుల చేత ఏది చేయించుకుంటే మేలు?

చెత్తను డైజెస్టర్ అనే గాలి చొరబడని ట్యాంకులో వేసి బయోగ్యాస్ తీయడం మీద ఎవరికీ పేచీ లేదు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. పేచీ ఆ తర్వాతే. బయోగ్యాస్‌లో మీథేన్ పోగా మిగిలేది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. సోలార్, గాలి కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి కలిపితే, ఆర్కియా అనే సూక్ష్మజీవులు దాన్నీ మీథేన్ చేసేస్తాయి. డెన్మార్క్‌లోని అవెడోర్ మురుగునీటి కేంద్రంలో ఎలెక్ట్రోకియా కంపెనీ 1 మెగావాట్ స్థాయిలో ఇది చేసి చూపించింది.

వినడానికి బాగానే ఉంటుంది, లెక్క వేస్తేనే టెన్షన్. కిలో మీథేన్‌కు అరకిలో హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగానే ఖర్చవుతుంది. అంటే కనీసం 25 యూనిట్లు పోస్తే దక్కేది 14 యూనిట్లకు సరిపడా వేడి. దాన్ని మళ్లీ ఇంజిన్‌లో మండించి కరెంటు చేస్తే 5 యూనిట్లు చేతికొస్తే గొప్ప. యూనిట్ 4 రూపాయలకే దొరికినా, కిలో గ్యాస్‌కు ఒక్క కరెంటు ఖర్చే 100 రూపాయలు. గాలి కరెంటు మిగిలిపోయే రోజులు, గ్యాస్ దాచుకునే పైపులైన్లు ఉన్న డెన్మార్క్‌కు ఇది కుదురుతుందేమో. మనకు పగటి సోలార్‌ను నేరుగా వాడుకోవడమే లాభం.

ఉక్కు ఫ్యాక్టరీ గ్యాస్ సంగతి వేరు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌లో శక్తి ముందే ఉంది, హైడ్రోజన్ కొనక్కర్లేదు. లాంజాటెక్ అనే కంపెనీ వాడే క్లోస్ట్రిడియం బ్యాక్టీరియా దాన్ని తిని ఇథనాల్ ఇస్తుంది. చైనాలో షౌగాంగ్ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర 2018 నుంచి ఇది వ్యాపార స్థాయిలో నడుస్తోంది. బెల్జియంలోని గెంట్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 8 కోట్ల లీటర్లు. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కూడా రిఫైనరీ గ్యాస్‌తో ఈ దారే పట్టింది.

ఫిన్లాండ్‌లో సోలార్ ఫుడ్స్ అనే కంపెనీ హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లతో బ్యాక్టీరియాను పెంచి ప్రోటీన్ పొడి చేస్తోంది. 2024లో మొదలైన ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 160 టన్నులే. అయినా అంత కరెంటు పోసి హైడ్రోజన్ తీయక తప్పదనుకుంటే, పొయ్యిలో మండిపోయే మీథేన్ కన్నా మంచి ధర పలికే తిండి నయం.

నా ఓటు మాత్రం ఇథనాల్‌కే, ఒక షరతు మీద. ఉక్కు ఫ్యాక్టరీలు ఆ గ్యాస్‌ను ఊరికే వదిలేయవు. విశాఖ ఉక్కులో కూడా దాన్ని సొంత పవర్ ప్లాంటులో మండిస్తారు. బ్యాక్టీరియాకు మళ్లించిన గ్యాస్ లోటును బొగ్గుతో పూడిస్తే ఏం లాభం? సోలార్ కరెంటు పెట్టాల్సింది ఆ లోటు పూడ్చడానికే.